కొన్న ఆర్వీ డీలర్ దగ్గరే ఉండిపోతే

ప్రశ్న: అక్కా, మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. పది నెలల కిందట ఇక్కడికి గంట దూరంలో ఉన్న ఒక పెద్ద డీలర్ దగ్గర కొత్త క్లాస్ సి ఆర్వీ, అంటే వంటగదీ మంచాలూ ఉండి ఇల్లులా నడుపుకుంటూ వెళ్లే మోటార్‌హోమ్, కొన్నాం. ధర లక్షా పద్దెనిమిది వేల డాలర్లు. ఎనిమిది వేలు చేతి నుంచి కట్టి, మిగతాది ఇరవై ఏళ్ల లోను తీసుకున్నాం. మొదటి ట్రిప్పులోనే వాన పడితే స్లయిడ్ (బండి ఆపాక గది పెద్దదవడానికి బయటికి జరిగే భాగం) పైమూల నుంచి లోపలికి నీళ్లు కారాయి. ఇప్పటికి మూడుసార్లు సర్వీసుకి ఇచ్చాం. మొదటిసారి 12 రోజులు, రెండోసారి 34 రోజులు, ఇప్పుడిచ్చి 25 రోజులైంది, పార్టు రాలేదంటున్నారు. ఫోన్ ఎత్తరు, ఎత్తితే వచ్చే వారం అంటారు. ఏడాది వారంటీ ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది. జూన్‌లో అమ్మానాన్న గుంటూరు నుంచి వస్తున్నారు, వాళ్లని ఎల్లోస్టోన్ తీసుకెళ్లాలనే అసలు ఇది కొన్నాం. పేమెంట్ ఆపేస్తే వాళ్లే దారికొస్తారని మా బావమరిది అంటున్నాడు. మా ఆఫీసులో ఇంకో ఇద్దరు తెలుగువాళ్లు అదే డీలర్ దగ్గర కొనాలని చూస్తున్నారు, వాళ్లకి ఏం చెప్పాలో తెలియట్లేదు. నేను హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాను. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. ఏం చేయమంటారు?

జవాబు: పేమెంట్ మాత్రం ఆపకండి. మిగతావన్నీ తర్వాత, ముందు ఇది. మీ బావమరిది మీ మంచి కోరే చెప్పి ఉంటారు, కాదనను, కానీ మీరు నెలనెలా కడుతున్నది డీలర్‌కి కాదు, బ్యాంకుకి. డీలర్‌కి రావలసిన డబ్బు మీరు సంతకం పెట్టిన కొద్దిరోజులకే బ్యాంకు నుంచి వాళ్లకి వెళ్లిపోయింది. మీరు కట్టడం ఆపితే వాళ్లకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. దెబ్బ తినేది మీ క్రెడిట్ స్కోరు. ఇంకొన్ని నెలలు ఆగితే బ్యాంకు వచ్చి బండి పట్టుకుపోతుంది, దాన్ని అమ్మగా వచ్చినది పోను మిగిలిన బాకీ మళ్లీ మీ నెత్తినే పడుతుంది. పైగా రేపు మీరు ఫిర్యాదు చేసే రోజున, నా వైపు నుంచి నేను చేయాల్సినవన్నీ చేశాను అని చెప్పగలగాలి. అది మీకు చాలా అవసరం.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో మూడు అంకెలు మీరు మామూలుగా రాసుకుంటూ పోయారు, నేను అక్కడే ఆగిపోయాను. 12, 34, 25. కలిపితే 71 రోజులు. మీకవి పండగలూ వీకెండ్లూ పోయిన రోజులు, నిజమే, బాధే. కానీ టెక్సస్‌లో ఉన్నారు కాబట్టి ఆ 71 రోజులే మీ చేతిలో ఉన్న బలం.

ఈ రాష్ట్రంలో లెమన్ లా, అంటే ఎన్నిసార్లు రిపేరు చేసినా బాగుపడని కొత్త బండి కొన్నవాళ్లని కాపాడే చట్టం, కొత్త కార్లకే అనుకుంటారు చాలామంది. కొత్త మోటార్‌హోములకీ, బండి వెనక తగిలించుకుని లాక్కెళ్లే ఆర్వీ ట్రైలర్లకీ కూడా అది ఉంది. చూసేది టెక్సస్ మోటారు వాహనాల శాఖ. ఫీజు 35 డాలర్లు, లాయర్ లేకుండా మీరే వేసుకోవచ్చు. కొన్నాక మొదటి 24 నెలల్లో లేదా 24,000 మైళ్లలో, ఏది ముందైతే అంతలోపల, వారంటీలో ఉన్న లోపం కోసం బండి మొత్తం మీద 30 రోజులో అంతకన్నా ఎక్కువో రిపేరులో ఉండిపోవాలి. ఆ రోజుల్లో వాడుకోవడానికి మీకు అలాంటి బండి ఇంకొకటి ఇచ్చి ఉండకూడదు. లోపం ఇంకా తీరకుండా, వాడకానికో అమ్మకపు ధరకో గట్టిగా అడ్డుపడుతూ ఉండాలి. ఇవన్నీ ఉంటే ఆ దారిలో వెళ్లొచ్చు. ముప్పై రోజులూ ఒకేసారి కానక్కర్లేదు, విడివిడిగా వచ్చినవి కలుపుకోవచ్చు. ఒకే లోపానికి నాలుగుసార్లు తీసుకెళ్లినా తగ్గకపోవడం అనేది ఇంకో దారి, ప్రాణానికి ముప్పు తెచ్చే లోపమైతే రెండుసార్లు చాలు. కేసు మీవైపు తేలితే బండి వెనక్కి తీసుకోమనో, మార్చి ఇమ్మనో, బాగుచేయమనో తయారీ కంపెనీకి చెప్తారు. వెనక్కి తీసుకున్నప్పుడు మీరు వాడుకున్నదానికి కొంత పట్టుకుంటారు, అది ఉంటుంది.

దీనికి గడువుంది. వారంటీ అయిపోవడం, 24 నెలలు నిండటం, 24,000 మైళ్లు తిరగడం, ఈ మూడింట్లో ఏది ముందొస్తే అక్కడి నుంచి ఆరు నెలల్లో వేసేయాలి. మీకు ఏడాది వారంటీ కాబట్టి ఇంకా ఎనిమిది నెలలు చేతిలో ఉన్నట్టు లెక్క. ఉన్నాయి కదా అని కూర్చోకండి. వచ్చే వారం వచ్చే వారం అనే మాటల్లో ఎనిమిది నెలలు ఎలా పోతాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఫిర్యాదుకి ముందు చేయాల్సింది ఒకటుంది, దాన్నే మనవాళ్లు వదిలేస్తారు. మీరు ఇన్నాళ్లూ పోట్లాడుతున్నది డీలర్‌తో. వారంటీ ఇచ్చింది డీలర్ కాదు, తయారీ కంపెనీ. వాళ్లకి మీ బండి సంగతి సరిగ్గా తెలియకపోయే అవకాశం కూడా ఉంది! కాబట్టి వారంటీ పుస్తకం వెనక పేజీల్లో ఉన్న చిరునామాకి సర్టిఫైడ్ మెయిల్‌లో, రిటర్న్ రిసీట్ కూడా అడిగి, ఒక ఉత్తరం పంపండి. పెద్ద కథ వద్దు. బండి గుర్తింపు నంబరు (విన్), కొన్న తేదీ, మైళ్లు, ఏ తేదీన ఇచ్చారు ఏ తేదీన తెచ్చుకున్నారు, స్లయిడ్ లీకు ఇంకా ఉంది, దీన్ని బాగుచేయడానికి మీకు ఇంకో అవకాశం ఇస్తున్నాను అని అంతే. కోపం మాటలు ఒక్కటి కూడా పెట్టొద్దు. ఆ ఉత్తరం అందినట్టు పోస్టులో తిరిగొచ్చే పచ్చరంగు రసీదు కార్డు దాచిపెట్టండి.

వారంటీ పుస్తకం ఎలాగూ తీస్తారు కదా, దాంట్లో కేసు ఎక్కడ వేయాలని రాసి ఉందో కూడా చూడండి. అమెరికాలో ఆర్వీలు ఎక్కువ భాగం ఇండియానాలోని ఎల్క్‌హార్ట్ అనే ఊరి చుట్టుపక్కలే తయారవుతాయి. అందుకని కొన్ని కంపెనీలు కోర్టుకెళ్తే ఇండియానాలోనే వెళ్లాలని షరతు పెడతాయి, ఆ రాష్ట్రపు లెమన్ లా ఏమో మోటార్‌హోముల్ని లెక్కలోకే తీసుకోదు. అందుకే ఇంటి దగ్గరున్న టెక్సస్ శాఖ దారి మీకు అంత విలువైనది. అది దాటిపోయి నేరుగా కోర్టు దాకా వెళ్లాల్సి వస్తే మాత్రం 1975 నాటి ఫెడరల్ వారంటీ చట్టం తెలిసిన లాయర్‌ని పట్టుకోవాలి, అప్పుడిక సొంతంగా వద్దు.

ఇప్పుడు కాగితాల మాట, ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మేము నష్టపోయింది ఇక్కడే. 2019లో మేమూ ఒక పెద్ద డీలర్ దగ్గర కొత్త ట్రైలర్ కొన్నాం. రెండో నెలలో పడకగది కిటికీ కింద గోడ మీద ఒకచోట కాగితం లేచి చిన్న బుడగలా కనిపించింది. బొటనవేలితో నొక్కితే లోపలికి దిగింది. మైసూరుపాకు నొక్కినట్టు కాదు, తడిసిన అట్టపెట్టె నొక్కినట్టు. దగ్గరికెళ్లి వాసన చూస్తే, వానాకాలంలో మూసి ఉంచిన బీరువా వాసన. సర్వీసులో ఇచ్చాం, మూడు వారాలుంచుకున్నారు, ఆ మూడు వారాలూ ఎండలో ఒక చినుకు లేదు. తెచ్చుకున్నప్పుడు కాగితం మీద కస్టమర్ చెప్పిన సమస్య కనిపించలేదు అని ఒక్క లైను రాసిచ్చారు. మా ఆయన సంతకం పెట్టి తెచ్చేశారు. ఆ ఒక్క లైను మమ్మల్ని ఏడాది వెనక్కి నెట్టింది. వారంటీ అయిపోయాక గోడ ఊడదీస్తే లోపల చెక్క చేతికి పొడి పొడిగా వచ్చింది. ఇది మొదటి నుంచీ ఉన్నదని రుజువేది అన్నారు. మా దగ్గర ఏమీ లేదు.

అందుకని మీరు ఈ పని చేయండి. వీలైతే రేపే డీలర్ దగ్గరికి స్వయంగా వెళ్లండి, మూడు విజిట్ల రిపేర్ ఆర్డర్లూ, అంటే బండి ఇచ్చినప్పుడల్లా వాళ్లు రాసుకునే కాగితాలు, కాపీలు అడగండి. ప్రతి దాంట్లోనూ బండి లోపలికొచ్చిన తేదీ, మీరు తిరిగి తీసుకున్న తేదీ, మైళ్లు, మీరు చెప్పిన సమస్య మీ మాటల్లో ఉన్నాయా చూడండి. చాలాచోట్ల లోపలికొచ్చిన తేదీ మీరు తెచ్చి దింపిన రోజు వేయరు, టెక్నీషియన్ తలుపు తీసిన రోజు వేస్తారు. అలా ఉంటే అక్కడికక్కడే మర్యాదగా సరిదిద్దించండి, కుదరదంటే ఆ రోజు మీరు పంపిన మెసేజో గేటు దగ్గర తీసుకున్న ఫోటోనో పెట్టి వాళ్లకి ఈమెయిల్ కొట్టండి. ఇక నుంచి ఫోన్ చేసి మాట్లాడినా సరే, పెట్టేసిన ఐదు నిమిషాల్లో ఒక ఈమెయిల్ పంపాలి, ఇప్పుడు మీరు ఫోన్‌లో పార్టు ఫలానా తేదీన ఆర్డర్ పెట్టామని, ఫలానా వారంలో వస్తుందని చెప్పారు, తప్పుంటే చెప్పండి, అని. నోటిమాట గాలికి పోతుంది, ఇది ఉంటుంది.

ఒకవేళ వాళ్లు, పార్టు వచ్చేదాకా బండి ఇంటికి తీసుకెళ్లండి సార్, వచ్చాక పిలుస్తాం, అంటే వెంటనే సరేననకండి. బండి ఇంటి దగ్గరుంటే రిపేరు రోజుల లెక్క ఆగిపోయిందని తర్వాత వాదించొచ్చు. లోపం అలాగే ఉందని, పార్టు కోసం ఆగుతున్నామని, వాళ్లు చెప్తేనే తీసుకెళ్తున్నారని ఆర్డర్ మీద రాయించుకున్నాకే తాళాలు తీసుకోండి. వాళ్ల దగ్గరే ఉంచుకునేటట్టయితే బండి ఎక్కడ నిలబెట్టారో కళ్లారా చూసి రండి. లీకున్న బండిని ఆరుబయట పెడితే మనకున్న ఈ వసంతకాలపు గాలివానలకి చిన్న లీకు పెద్దదైపోతుంది. షెడ్డు కింద పెట్టమనండి, లేదా ఆ మూల మీద టార్పాలిన్ కప్పమనండి, కప్పాక ఫోటో తీసుకోండి.

సర్వీస్ అడ్వైజర్ మీద అరవాలనిపిస్తుంది, నాకూ అనిపించేది. అయితే ఈ ఆలస్యం ఎక్కడ పుడుతుందో తెలిస్తే ఎవర్ని ఏమడగాలో తెలుస్తుంది. పెద్ద డీలర్ దగ్గర వరసగా వందల బండ్లు నిలబడి ఉంటాయి, అమ్మే మనుషులు చాలామంది, లోపల బండి నిలబెట్టి రిపేరు చేసే సర్వీస్ బేలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, చేయి తిరిగిన టెక్నీషియన్లు అంతకన్నా తక్కువ. ఆ కొరత ఎంతుందంటే ఆర్వీ పరిశ్రమ సంఘం తానే ఎల్క్‌హార్ట్‌లో టెక్నీషియన్లకి శిక్షణ సంస్థ పెట్టుకోవాల్సి వచ్చింది. ఇక వారంటీ పని సంగతి, టెక్నీషియన్ చూసి ఫోటోలు తీసి తయారీ కంపెనీకి పంపాలి, వాళ్లు ఒప్పుకోవాలి, ఇన్ని గంటల కూలీ ఇస్తామని లెక్క కట్టాలి, ఆ తర్వాతే పార్టు ఆర్డర్ వెళ్తుంది. వాళ్లిచ్చే గంటలు నిజంగా పట్టే గంటలకన్నా తక్కువే ఉంటాయని డీలర్ల గోల. మీ బండి మీద పనికంటే జేబులోంచి డబ్బిచ్చి చేయించుకునే ఆయన బండి మీద పని వాళ్లకి లాభం. అందుకే మీది పక్కకి జరుగుతూ ఉంటుంది. ఇది న్యాయం అని నేను అనట్లేదు, అసలు కాదు. కానీ అడ్వైజర్‌ని ఎప్పుడవుతుంది అని అడిగితే వచ్చే వారం అనే చెప్తాడు, ఆ పిల్లాడికి అంతకన్నా తెలియదు కూడా. దానికి బదులు ఇలా అడగండి: కంపెనీ ఒప్పుకుందా, ఏ తేదీన ఒప్పుకుంది, ఆ ఒప్పుకున్న నంబరేంటి, పార్టు నంబరేంటి, ఆర్డర్ ఎప్పుడు పెట్టారు? ఆ నంబర్లు చేతికొచ్చాయంటే తయారీ కంపెనీ కస్టమర్ సర్వీసుకి మీరే ఫోన్ చేసి ఆ పార్టు ఎక్కడుందో కనుక్కోవచ్చు. మా రెండో బండికి అలా చేస్తే, ఆర్డరే పెట్టలేదని తేలింది. పదకొండు రోజులు ఉత్తినే పోయాయి.

ఇంకో దారి. తయారీ కంపెనీనే అడగండి, మొబైల్ టెక్నీషియన్‌తో చేయించుకుంటే వారంటీ కింద డబ్బిస్తారా అని. చాలాసార్లు ఒప్పుకుంటారు, ముందుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి అంతే. ఆ టెక్నీషియన్ మీ ఇంటి ముందుకే వచ్చి చేస్తాడు. స్లయిడ్ మొత్తం బయటికి తీయాల్సిన పనైతే కుదరదు, సీలు మార్చడం, మోటారు మార్చడం లాంటివైతే కుదురుతుంది.

అన్నట్టు, మీ బండిలో ఒక వారంటీ కాదు, అయిదారు ఉంటాయి. ఇంటి భాగానికి ఆర్వీ కంపెనీది ఏడాది. కింద ఛాసీ (చక్రాలున్న చట్రం), ఇంజిన్ వాటి కంపెనీవి. ఫోర్డ్ ఛాసీ అయితే మొత్తానికి 3 ఏళ్లు లేదా 36,000 మైళ్లు, ఇంజిన్, గేర్‌బాక్స్‌లకి 5 ఏళ్లు లేదా 60,000 మైళ్లు, దానికి మీరు ఆర్వీ డీలర్ దగ్గరికి వెళ్లనే అక్కర్లేదు, పెద్ద బండ్లు ఎక్కించే లిఫ్టున్న ఫోర్డ్ ట్రక్ సర్వీసుకి వెళ్లండి. జనరేటర్‌కి వేరే, ఫ్రిజ్‌కి వేరే, ఏసీకి వేరే, టైర్లకి వేరే. వచ్చేటప్పుడు ఒక జిప్పు సంచిలో బోలెడు కాగితాలిచ్చి ఉంటారు, అవి సోఫా కింద ఎక్కడో ఉండుంటాయి, తీసి కూర్చోండి ఒక సాయంత్రం. రిజిస్టర్ చేయనివి చేసేయండి. వారంటీలో మిగిలిన ఈ రెండు నెలల్లో బండిలో ఉన్న ప్రతి చిన్న లోపం, తలుపు సరిగా పడకపోవడం, గీజర్ వెలగకపోవడం, ఏదైనా సరే, ఒక్క లిస్టుగా రాసి తేదీ వేసి ఈమెయిల్ చేయండి. వారంటీ లోపల చెప్పినట్టు ఆధారం ఉంటే రిపేరు తర్వాత జరిగినా అడిగే హక్కు మీకుంటుంది.

బండి ఇచ్చేస్తున్నాం రండి అని ఫోన్ వచ్చిన రోజున పని మానుకునైనా పగలే వెళ్లండి. నీళ్ల పైపు అడగండి. స్లయిడ్ బయటికి పెట్టి, పైన ఆ మూల మీద కనీసం ఇరవై నిమిషాలు నీళ్లు వదలండి, లోపల మీ ఆవిడనో ఫ్రెండునో టార్చితో కూర్చోబెట్టండి. గోడకి, మూలలకి లోపలి వైపు నీలిరంగు మాస్కింగ్ టేపు అంటించి పెన్నుతో తేదీ రాయండి. తడి చేరితే ఆ టేపు అంచు ముదురు రంగుకి తిరుగుతుంది, లేచిపోతుంది, ఫోటోలో స్పష్టంగా తెలుస్తుంది. ఇదంతా వీడియో తీయండి. కారితే బండి తీసుకోవద్దు, అక్కడే కొత్త రిపేర్ ఆర్డర్ తెరిపించండి. అది నాలుగో విజిట్ అవుతుంది.

అమ్మానాన్నల సంగతి. మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఇదే. ఎందుకు కొన్నారో నాకు బాగా తెలుసు. బయట తిండి పడని నాన్నకి ఆ పూట వేడివేడిగా చారన్నం, మోకాళ్ల నొప్పుల అమ్మకి అడుగు దూరంలో బాత్రూమ్. మా అత్తగారిని గ్రాండ్ కేన్యన్ తీసుకెళ్లినప్పుడు ఆవిడ మెచ్చుకున్నది ఆ లోయని కాదు, పార్కింగ్ లాటులో కూర్చుని పెసరట్టు తినడాన్ని. కాబట్టి ఆ ట్రిప్పు వదులుకోవద్దు. కానీ జూన్ ట్రిప్పుని ఈ బండి మీద మాత్రం పెట్టుకోవద్దు. ఫ్రిస్కో నుంచి ఎల్లోస్టోన్ రెండు వేల కిలోమీటర్ల పైమాటే. మధ్యలో వ్యోమింగ్‌లో స్లయిడ్ లోపలికి వెళ్లక ఇరుక్కుందంటే పెద్దవాళ్లతో చాలా ఇబ్బంది. ఇప్పుడే, రద్దు చేసుకునే వీలున్న చోట ఒక అద్దె ఆర్వీయో, లేదా మంచి కారూ, వంటగది ఉన్న కేబిన్లూ బుక్ చేసి పెట్టండి. మీ బండి మే మొదట్లోగా బాగై వస్తే, ముందు ఇంటికి దగ్గర్లో రే రాబర్ట్స్ లేక్ స్టేట్ పార్కులో రెండు రాత్రులు పడుకోండి, అన్నీ వాడండి, అక్కడ పోపు కూడా వేయండి, పొయ్యి పైన ఫ్యాను పనిచేయకపోతే పొగ అలారం మోగి చెప్తుంది. రెండు రాత్రులూ ఏ తేడా లేకుండా గడిచాయంటే అప్పుడు అద్దె బండి రద్దు చేయండి. ఒక్క మాట మరవొద్దు. బండి నడుస్తున్నప్పుడు అమ్మానాన్న మంచం మీద పడుకోకూడదు, బెల్టున్న సీట్లోనే కూర్చోవాలి. ఇల్లులా ఉంది కదా అని మనవాళ్లు లేచి తిరిగేస్తారు, సడన్ బ్రేకు పడితే పట్టుకునేది ఏమీ ఉండదు.

మీ ఆఫీసు ఫ్రెండ్స్‌కి ఏం చెప్పాలంటారా. అక్కడ కొనొద్దు అని చెప్పక్కర్లేదు, జరిగింది జరిగినట్టు తేదీలతో సహా చెప్పండి. ఎక్కడ కొన్నా వాళ్లు చేయాల్సినవి మాత్రం ఉన్నాయి. మొదట ఒక వారం అద్దెకి తీసుకుని తిరగమనండి, ఆ ముచ్చట అక్కడే తీరిపోయేవాళ్లు చాలామంది. కొనేటట్టయితే సేల్స్ ఆఫీసుకంటే ముందు సర్వీసు వైపుకి నడిచి, ఇవాళ బండి ఇస్తే ఎన్ని రోజులకి చూస్తారు అని అక్కడ నిలబడ్డ కస్టమర్లని అడగమనండి. వేరేచోట కొన్న బండ్లకి సర్వీసు చేయని డీలర్లు చాలామంది ఉన్నారు, కాబట్టి ఐదువేల డాలర్లు తక్కువకి వస్తుందని వేరే రాష్ట్రం వెళ్లి కొనుక్కొస్తే ఇక్కడ వారంటీ పనికి చేయి చాచాల్సింది వాళ్ల దగ్గరే. స్టిక్కర్ మీద ధర అసలు ధర కాదు, దాని మీద ఇరవై శాతం పైన తగ్గించడం ఈ వ్యాపారంలో మామూలే.

సంతకానికి ముందు డీలర్‌తో సంబంధం లేని ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకోమనండి. దీనికి ప్రత్యేకంగా సర్టిఫికెట్ ఉన్నవాళ్లున్నారు, కొన్ని వందల డాలర్లవుతుంది, పెద్ద బండికి ఇంకాస్త ఎక్కువ. ఆయన రావడానికి డీలర్ ఒప్పుకోకపోతే అక్కడి నుంచి లేచి వచ్చేయడమే. వాళ్లు సొంతంగా చూసుకోగలిగినవి కూడా ఉన్నాయి. టైరు పక్కన డాట్ అని మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు చూడాలి, 2322 అని ఉంటే అది 2022లో 23వ వారంలో తయారైన టైరు. బండి కొత్తదే, టైరు మూడేళ్ల నాటిది, అలా దొరుకుతుంటాయి. లోపల సామాను ఎంత బరువు మించకూడదో చెప్పే స్టిక్కర్ ఉంటుంది, ఆరుగురు మనుషులు, బియ్యం బస్తా, కుక్కర్లు వేసుకునే మన ఇళ్లకి అది చాలా ముఖ్యం. గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు, నలభై గ్యాలన్ల ట్యాంకు నింపితేనే 332 పౌండ్లు అయిపోయాయి. బండి అప్పగించేటప్పుడు నలభై ఐదు నిమిషాల్లో అన్నీ చూపించేసి తాళాలు చేతిలో పెడతారు, దానికి ఒప్పుకోకూడదు. సగం రోజు అడగాలి, ప్రతి స్విచ్చీ, ప్రతి కుళాయీ నడిపి చూడాలి. తర్వాత చేసిస్తాం అన్నది ఏదైనా సరే కాగితం మీద రాయించుకుని మేనేజర్ సంతకం తీసుకోవాలి. నచ్చకపోతే మూడు రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చని ఒక నమ్మకం ఉంది మనవాళ్లలో. డీలర్ షోరూమ్‌లో కొన్న బండికి ఆ ఫెడరల్ నియమం వర్తించదు. సంతకం పెట్టారంటే అయిపోయినట్టే.

చివర్లో ఫైనాన్స్ గదిలో కూర్చోబెట్టి ఎక్స్‌టెండెడ్ వారంటీ, టైర్ల ప్లాను, పెయింట్ రక్షణ అని వరసగా వడ్డిస్తారు. మీ కాగితాల్లో కూడా ఇవేమైనా ఉన్నాయా చూడండి. చాలావాటిని మధ్యలో రద్దు చేసుకోవచ్చు, వాడని కాలానికి లెక్కగట్టి తిరిగిస్తారు, ఆ డబ్బు లోనులో జమవుతుంది. కాంట్రాక్టులో రద్దు పేజీ చదివాకే ఏదైనా చేయండి.

లోను గురించి మీరు అడగలేదు, కానీ హెచ్‌1బీ అన్నారు కాబట్టి చెప్పకుండా ఉండలేను. మీరు వడ్డీ రాయలేదు, ఉదాహరణకి ఎనిమిదిన్నర శాతం అనుకుందాం. లక్షా పది వేలకి ఇరవై ఏళ్లంటే నెలకి దగ్గర దగ్గర 955 డాలర్లు, మొత్తం కట్టేది రెండు లక్షల ఇరవై తొమ్మిది వేలు. మొదటి ఏడాదంతా కట్టినా అసలులో తగ్గేది సుమారు 2,200 మాత్రమే. అదే ఏడాదిలో బండి ధర మాత్రం అంతకి ఎన్నో రెట్లు పడిపోతుంది. ఉద్యోగం పోతే హెచ్‌1బీ వాళ్లకి ఈ దేశంలో ఉండటానికి దొరికే గడువు మహా అయితే 60 రోజులు. ఆ అరవై రోజుల్లో ఇల్లు, పిల్లల స్కూలుతో పాటు, అప్పుకన్నా తక్కువ పలికే ఒక ఆర్వీని కూడా అమ్మాలి. మిమ్మల్ని భయపెట్టడానికి కాదు ఇది. బండి బాగై వచ్చినా సరే, వీలున్న నెలలో అసలుకి అదనంగా కొంత కట్టుకుంటూ రండి, బండి ధరా అప్పూ ఒకచోటికి వచ్చేదాకా. మీ ఫ్రెండ్స్ కూడా వీసా మీదే ఉంటే రెండు మూడేళ్లు వాడిన బండి, ఐదారేళ్ల లోను చూసుకోమనండి, తొలి ఏడాది లోపాలు చాలావరకు మొదటి ఓనరే బాగుచేయించి ఉంటాడు, దానికీ ఇన్‌స్పెక్షన్ తప్పదు అనుకోండి.

సర్టిఫైడ్ మెయిల్ పంపాక రెండు వారాలు చూడండి. జవాబు రాకపోయినా, వచ్చి మళ్లీ వచ్చే వారం అన్నా, ఆ 35 డాలర్లు కట్టి ఫిర్యాదు వేసేయండి. శాఖ వెబ్‌సైట్‌లోనే ఫారం ఉంటుంది, ఇద్దరూ కూర్చుంటే ఒక సాయంత్రం పని. అందులో తేదీలు నింపేటప్పుడు ఎక్కడైనా అనుమానం వస్తే నాకు రాయండి, ముందు ఆ మూడు రిపేర్ ఆర్డర్లూ మాత్రం చేతికి తెచ్చుకోండి.